రెట్రో పద్యానికి పెనుకొండ వ్యాఖ్య

మూలం

ఆ. అందరొక్కమాట యనిరంత లీడరు
స్లైడు మార్చె మిగుల సంబరముగ
చాయి చల్లనాయె జనులెల్ల మూగలె
తొలుత నన్న మాట తుదకు రాక

అవతారిక

ఈ ఆటవెలది కర్త ఎవరో తెలియదు. పెనుకొండ పక్కన ఒక విడిభాగాల కర్మాగారంలో, మీటింగ్ గది తెల్లబోర్డు మీద, ‘దయచేసి చెరపవద్దు’ అన్న హెచ్చరిక కింద ఇది కనబడింది. కవి ఎవరైనా మూడు సంగతులు నిశ్చయంగా చెప్పవచ్చు. అతనికి ఛందస్సు వచ్చు. అతను కనీసం ఒక రెట్రోలో ఆద్యంతం కూర్చున్నాడు. ఆ రెట్రోలో అతనికి మాట్లాడే సందు దొరకలేదు. దొరికి ఉంటే పద్యం పుట్టేది కాదు.

రెట్రో అనగా రెట్రోస్పెక్టివ్. ఒక జట్టు రెండు వారాలకో నెలకో ఒకసారి చేతిపని ఆపి, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇకమీదట ఏం మార్చుకుందాం అని కూడి మాట్లాడుకునే సమావేశం. దీనికి శాస్త్రం ఉంది. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్ మంచుకొండల్లో 17 మంది సాఫ్ట్‌వేర్ పెద్దలు కూడి ఎజైల్ ప్రకటన రాశారు. దాని వెంట వచ్చిన 12 సూత్రాల్లో కడపటిది ఈ వెనుచూపు గురించే. అదే ఏడు నార్మన్ కెర్త్ ఈ సమీక్షల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం వెలువరించాడు. 2006లో ఎస్తర్ డెర్బీ, డయానా లార్సెన్ అనే ఇద్దరు విదుషీమణులు ఈ తంతుకు అయిదు అంగాలు ఏర్పరచారు: రంగం సిద్ధం చేయడం, సమాచారం పోగుచేయడం, లోగుట్టు వెతకడం, ఏం చేయాలో తేల్చుకోవడం, ముగించడం.

పేరు కొత్తదైనా పని మన నేలకు కొత్త కాదు. జపానులో 1962లో కౌరు ఇషికావా పేరు మీదుగా మొదలైన, పనివారే కూడి తమ పనిని చర్చించుకునే క్వాలిటీ సర్కిళ్ళు 1980లో హైదరాబాదు రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో మన దేశంలో తొలి అడుగు పెట్టాయి. 1982లో క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా వెలిసింది. ఇక పెనుకొండ సంగతి. 2017లో కియా కార్ల కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 2019 డిసెంబరులో ఎర్రమంచి దగ్గర ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం గల కర్మాగారం లాంఛనంగా ప్రారంభమైంది. దాని వెంట విడిభాగాల కంపెనీలు వచ్చాయి. వాటి వెంట మీటింగ్ గదులు, గదుల వెంట తెల్లబోర్డులు వచ్చాయి. పద్యానికి ఆ విధంగా చోటు దొరికింది.

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిన పట్టాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు అంత గుండె లేదు. విషయం మీటింగు గనుక అక్కరలేనిది కొంత తప్పదు.

ప్రతులు, పాఠభేదాలు

ఈ పద్యానికి మూడు ప్రతులు దొరికాయి.

పెనుకొండ ప్రతి: తెల్లబోర్డు మీద ఉన్నది. ఎవరో చెరగని మార్కరుతో రాసినందున కాలానికి నిలిచింది. మనం ఎక్కించిన మూలం ఇదే.

ధర్మవరం ప్రతి: ధర్మవరం నుంచి వచ్చే సభ్యుడు ఇంటికి పోయాక గుర్తుకు తెచ్చుకొని వాట్సాప్ గుంపులో పెట్టినది. ఇందులో రెండో పాదం ‘మిగుల సందియముగ’ అని ఉంది.

హిందూపురం ప్రతి: టీ అంగడి బిల్లు వెనక పెన్సిలుతో రాసినది. నాలుగో పాదం చివర ‘రాక’ అన్నచోట ‘రాగ’ అని ఉంది.

మూడు ఊర్లూ ఒకే రైలు దారిలో, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం అనే వరసలో ఉన్నాయి. అయినా ఒక స్టేషనుకూ మరో స్టేషనుకూ నడుమ పాఠం మారిపోయింది. మూడు పాఠాల్లోనూ గణాలు సరిపోతున్నాయి గనుక ఛందస్సును బట్టి ఒకదాన్ని తోసేయడం కుదరదు. పైగా మూడు పాఠాలూ మూడు వేర్వేరు జబ్బులను చెబుతున్నాయి. కాబట్టి పెనుకొండ పాఠాన్ని ముందు వ్యాఖ్యానించి, తక్కిన రెంటికీ చివర తాత్పర్యం చెబుతాం.

ప్రతిపదార్థం

అందరు = టీమ్‌లోని వారంతా, కెమెరా ఆపుకొని ఇంటినుంచి చేరినవారితో సహా; ఒక్కమాట = ‘ఈ రెండు వారాలు ఎట్ల గడిచెనో ఒక్క మాటలో చెప్పండప్పా’ అని అడగ్గా తలా చెప్పిన ముక్క; అనిరి = పలికిరి; అంత = అంతట, అనగా చివరివాడు నోరు మూసీ మూయకముందే; లీడరు = సభను నడుపువాడు, నాటకభాషలో సూత్రధారుడు; స్లైడు = తెరమీది పలకను; మిగుల సంబరముగ = మొదటి అంగం నిమిషం ముందే ముగిసెనన్న ఆనందంతో; మార్చె = మార్చెను; చాయి = అందరి ముందరా పెట్టిన తేనీరు; చల్లన ఆయె = చల్లారెను; జనులు ఎల్ల = అందరును; మూగలె = మూగవారే అయిరి; (ఎందుచేతననగా) తొలుతన్ = మొదట; అన్న మాట = తాము చెప్పిన ఆ ముక్క; తుదకు = తర్వాతి అంగాలకు, చివరి నిర్ణయం దాకా; రాక = చేరకపోవుటచేత.

తాత్పర్యం

మీటింగు మొదట్లో అందరినీ పలకరించారు. అందరూ పలికారు. ఆ పలికినదాన్ని పట్టించుకోకుండా తర్వాతి ఘట్టానికి పోయారు. మమ్మల్ని అడిగింది మర్యాదకే అని జనానికి అర్థమైంది. ఇక నోరు విప్పలేదు. మొదటి ఘట్టం బాగానే జరిగింది, రెండో ఘట్టం కూడా పద్ధతి ప్రకారమే మొదలైంది, చెడినదల్లా రెంటి నడుమ దాటు అని భావం.

విశేషం 1: ‘అందరొక్కమాట’

ఇక్కడ శ్లేష ఉంది. తలా ఒక మాట అన్నారని ఒక అర్థం. అందరూ కలిసి ఒకే మాట అన్నారని రెండో అర్థం. రెండో అర్థంలో ఆ మాట ‘బాగుంది’. ఏ జట్టులోనైనా ముగ్గురు వరసగా ‘బాగుంది’ అంటే నాలుగోవాడు ‘బాగలేదు’ అనడానికి జంకుతాడు. అందుకే అనుభవజ్ఞులు ముందు కాగితం మీద రాయించి ఆ తర్వాత చదివిస్తారు. రాసినది మార్చడానికి మొహమాటం అడ్డు వస్తుంది.

ఆ నాడు గదిలో పలికిన మాటలు బోర్డు అంచున ఇంకా ఉన్నాయి: ‘బాగుంది, బాగుంది, నిద్ర, రైలు, చిక్కు’. నిద్ర అన్నది పెనుకొండ వాడైన రాత్రి షిఫ్టు కుర్రాడు. రైలు అన్నది హిందూపురం నుంచి వచ్చే అక్క. చిక్కు అన్నది ధర్మవరం అన్న, నేతగాళ్ళ ఇంటి మనిషి. ఈ అయిదు మాటల కింద అడ్డంగా ఒక గీత ఉంది. లీడరు ఆ గీత గీసి, ‘సూపర్. నెక్స్ట్ స్లైడ్’ అన్నాడని సంప్రదాయం.

విశేషం 2: ఛందస్సు

మొదటి పాదం చివరి గణం ‘లీడరు’. తర్వాత ‘స్లై’ అనే సంయుక్తాక్షరం ఉంది గనుక ‘రు’ గురువా, లఘువా అని లాక్షణికులు తగవు పడవచ్చు. లఘువైతే భగణం, గురువైతే రగణం. రెండూ ఇంద్రగణాలే. లీడరు బరువైనా తేలికైనా స్లైడు మారక తప్పదని ధ్వని.

మూడో పాదంలో ‘చాయి’లోని చకారానికీ ‘జనులె’లోని జకారానికీ యతిమైత్రి. ప్రపంచంలో చాయికీ జనులకూ ఉన్న మైత్రి జగద్విదితం. అదే పాదంలో చాయి చల్లారడం, జనులు మూగపోవడం ఒకేసారి జరిగాయి. కవి నేర్పు గమనించదగినది.

విశేషం 3: ప్రస్తావన నుంచి కథకు

ఒక ఘట్టం నుంచి మరో ఘట్టానికి దాటడం మీటింగులకు కొత్త సమస్య కావచ్చు గాని నాటకకర్తలకు చాలా పాతది. సంస్కృత నాటకంలో మొదట సూత్రధారుడూ నటీ వచ్చి ఏవో మాటలాడుకుంటారు. ఆ తర్వాత కథ మొదలు కావాలి. ఈ నడిమి వంతెనను ఆలంకారికులు అయిదు రకాలుగా విభజించారు. వాటిలో ఒకటి కథోద్ఘాతం. సూత్రధారుడి నోట వెలువడిన మాటనో దాని భావాన్నో అందుకొంటూ పాత్ర రంగం మీదికి రావడం దీని లక్షణం. శ్రీహర్షుని రత్నావళిలో యౌగంధరాయణుడూ, భట్టనారాయణుని వేణీసంహారంలో భీముడూ ఇట్లాగే ప్రవేశిస్తారు. శాకుంతలంలో ఇంకో విచిత్రం. నటి పాటకు మైమరచిన సూత్రధారుడు ఏ నాటకం ఆడాలో కూడా మరచిపోతాడు. గుర్తు చేస్తే, తన మైమరపును లేడి వెంట పోయిన దుష్యంతునితో పోల్చుకుంటాడు. ఆ పోలిక నోట్లో ఉండగానే దుష్యంతుడు లేడిని తరుముతూ వచ్చేస్తాడు. మరపు సైతం వంతెనకు పనికొచ్చింది. ఎక్కడా సూత్రధారుడు ‘ప్రస్తావన అయిపోయింది, ఇక మొదటి అంకం’ అని చాటలేదు.

రెట్రోలో దీన్ని తిరగేసి వాడాలి. అక్కడ సూత్రధారుడి మాటను పాత్ర అందుకుంటుంది. ఇక్కడ పాత్రల మాటను సూత్రధారుడు అందుకోవాలి. పెనుకొండ గదిలోనే, అదే జట్టుతో, లీడరు గీత గీయకుండా ఉంటే సంభాషణ ఈ తీరున సాగేది:

‘అన్నా, నువ్వు చిక్కు అంటివే. యా రోజు పడిందన్నా ఆ చిక్కు?’

‘బుధవారమప్పా. రెండో షిఫ్టులో లేబుల్ మారిపాయ. మాకు ఎవురూ చెప్పలే.’

‘సరే, బుధవారం కింద ఆ ముక్క అంటించు. అక్కా, నువ్వు రైలు అంటివి. బుధవారం నువ్వుంటివా?’

‘ఆ రోజే కదప్పా రైలు లేటు. నేను వచ్చేసరికి షిఫ్టు అప్పగింత అయిపోయింటుంది. ఏం చెప్పినారో నేను వినలే.’

‘నిద్ర అన్న తమ్ముడూ, అప్పగింత చెప్పింది నువ్వేనా?’

‘నేనే అన్నా. డబల్ డ్యూటీ. ఏం చెప్పినానో నాకే గుర్తు లేదు.’

గమనించండి. ఇప్పటికి రెండో అంగం సగం పూర్తయింది. కాలరేఖ మీద బుధవారం తేలింది. మూడు విడి మాటలు ఒక్క కథ అయ్యాయి. స్లైడు మారిందన్న సంగతి ఎవరికీ తెలియలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు ‘రైలు’ అన్నది ఒక మనిషి గోడు. ‘చిక్కు’ పక్కన చేరగానే అది జట్టు పనిలోని లోపానికి ఆధారం.

ఆ ధర్మవరం అన్నే దీనికి తన ఇంటి లెక్క చెప్పాడు. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాన్ని మొత్తం లాగేయరు. పన్నెలో ఉన్న కొసలను అట్లాగే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే ఆ కొసలకు మెలిపెట్టి అతికిస్తారు. తర్వాత మెల్లగా లాగితే కొత్త పడుగు తనంతట తానే పన్నెలోకి నడిచి వస్తుంది. పాత కొసలు కోసేసినవాడు వేల పోగులను మళ్ళీ మొదటినుంచి ఎక్కించుకోవాలి. లీడరు గీసిన గీత ఆ కోత అన్నమాట.

నాట్యశాస్త్ర పరిభాషలో దీనికి బిందువని పేరు. నడుమ వేరే ప్రసంగం వచ్చి కథ తెగినప్పుడు దాన్ని మళ్ళీ అందించేది బిందువు. మొదటి అంగంలో వెలువడిన ఒక్కో మాటా ఒక్కో బిందువు. అన్నింటినీ అందుకోనక్కరలేదు. ఒకటో రెండో చాలు. ఏదీ అందుకోకపోతే మాత్రం పద్యంలోని మూడో పాదం జరిగి తీరుతుంది.

విశేషం 4: అయిదు అంగాలు, అయిదు సంధులు

మనవాళ్ళు నాటకాన్ని అయిదు సంధులుగా కట్టారు: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శం, నిర్వహణం. డెర్బీ, లార్సెన్‌లు వీటిని చదివి ఉంటారని వ్యాఖ్యాత అనడు. అయినా అంగాలు అయిదు, సంధులు అయిదు.

ముఖంలో బీజం పడుతుంది. మన కథలో బీజం ‘చిక్కు’.

ప్రతిముఖంలో బీజం కాసేపు కనబడి కాసేపు దాగుతుంది. సమాచారం పోగుచేసే ఘట్టం అంతే. బోర్డు నిండా రంగు కాగితాలు పడతాయి, అసలుది వాటి నడుమ దాగుతుంది. ఇక్కడ నుంచి మూడోదానికి దాటేటప్పుడు తొందర పనికిరాదు. అందరినీ లేపి, మాట లేకుండా బోర్డు ముందు నిలబెట్టి చదివించాలి. ఆ తర్వాత ‘వీటిలో ఏవి ఏవి ఒక కుటుంబం?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. కాగితాలు జరుపుతూ జరుపుతూ జనం మూడో అంగంలోకి వచ్చేస్తారు.

గర్భంలో బీజం పోయినట్టే పోయి మళ్ళీ దొరుకుతుంది. ఇది ఎందుకు అని తవ్వే ఘట్టం. టయోటాలో తైచీ ఓనో నేర్పిన అయిదు ఎందుకుల పద్ధతి ఇక్కడిది. లేబుల్ ఎందుకు మారింది? అప్పగింత అందక. ఎందుకు అందలేదు? నోటిమాటగా చెప్పినందున. ఎందుకు నోటిమాట? రాసే పుస్తకం లేనందున. ‘తమ్ముడు నిద్రపోతున్నందున’ అన్న జవాబు దగ్గర ఆగినవాడికి మనిషి దొరుకుతాడు, కారణం దొరకదు.

ఈ సంధి ఎంత పొడుగైనా సాగగలదు. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిపోయాక తిరుమలరాయలు విజయనగరం విడిచి పెనుకొండ చేరాడు. ఆ ఓటమికి కారణం ఏమిటన్న సమీక్షను చరిత్రకారులు నేటికీ ముగించలేదు. నాలుగున్నర శతాబ్దాలుగా గర్భసంధిలోనే ఉన్నారు. జట్టుకు అంత వ్యవధి లేదు గనుక నాలుగో అంగానికి దాటాలి. దాటడానికి ఉపాయం: తేలిన కారణాల మీద తలా మూడు చుక్కలు పెట్టమనండి. చుక్కలు ఎక్కువ పడ్డ ఒకటి రెంటిని తీసుకోండి.

విమర్శంలో అడ్డంకులు తూస్తారు. ఏం చేయగలం, ఎవరు చేస్తారు, ఎప్పటికి? ‘అందరం జాగ్రత్తగా ఉందాం’ అన్నది నిర్ణయం కాదు, మొక్కు. ‘అప్పగింత పుస్తకం సోమవారం నుంచి, మొదటి వారం రాసేది నేను’ అన్నది నిర్ణయం.

నిర్వహణంలో ముఖం మొదలుగా చెదిరి ఉన్న అర్థాలన్నీ ఒక ఫలానికి చేరాలి. లక్షణగ్రంథం చెప్పేది ఇదే, మన కవి ‘తుదకు రాక’ అని వాపోయినదీ ఇదే. అందుకే ముగింపులో మొదటి మనిషిని మళ్ళీ అడగాలి: ‘అన్నా, చిక్కు అంటివి. ఇప్పుడేమంటావు?’ ‘కొస దొరికిందప్పా’ అంటే సమావేశం సుఖాంతం. ‘అట్లే ఉంది’ అంటే విషాదాంతం. అందులోనూ తప్పులేదు. ధర్మవరం ఇంటిపేరుగా గల ఆంధ్రనాటక పితామహుడు కృష్ణమాచార్యులు విషాద సారంగధర రాసి తెలుగు రంగస్థలానికి విషాదాంతాన్ని పరిచయం చేశాడు. విషాదమైనా అంతం ఉండాలన్నదే శాస్త్రం. ‘టైమైపోయింది, బస్సు కదులుతుంది’ అని లేచిపోవడం ఏ సంధిలోనూ చేరదు.

అయిదోదాని నుంచి మళ్ళీ ఒకటోదానికి దాటు కూడా ఉంది. దాన్ని హిందూపురం పల్లెల్లోని మహిళా సంఘాల దగ్గర నేర్చుకోవాలి. పొదుపు, అప్పుల మాట ఎత్తకముందు అక్కడ గత సమావేశం తీర్మానాలు పుస్తకంలోంచి చదువుతారు. పోయిన వారపు చివరి మాట ఈ వారానికి మొదటి మాట అవుతుంది. ఏ సంఘమూ దీనికి స్లైడు వాడలేదు.

విశేషం 5: సంధి తప్పితే

నడిమి సంధులు దాటేసి ముఖం నుంచి నేరుగా తీర్పుకు దూకితే ఏమవుతుందో హిందూపురానికి దగ్గరలో, లేపాక్షి గుడి గోడ మీద ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ సీమలో అధికారం నెరపిన విరుపణ్ణ ఖజానా సొమ్ముతో వీరభద్రాలయం కట్టించాడనీ, రాజుకు కోపం వచ్చి కళ్ళు పీకమన్నాడనీ, విరుపణ్ణ తానే పీక్కొని గోడకు విసిరాడనీ స్థలపురాణం. ఎర్రటి మరకలు ఇప్పటికీ చూపిస్తారు. కథను సమీక్షాశాస్త్రం వైపు నుంచి చూడండి. సమాచారం పోగుచేయలేదు. ఎంత ఖర్చయింది, ఎవరు ఒప్పుకున్నారు అని అడగలేదు. కారణం తవ్వలేదు. మొదటి మాటకే నాలుగో అంగం వచ్చిపడింది. ఫలితం: కల్యాణమంటపం నేటికీ అసంపూర్తి.

శంకాసమాధానాలు

శంక: ఇంత బాధ దేనికి? మొదటి అంగమే ఎత్తేసి, నేరుగా పనిలోకి దిగితే దాటే అవసరమే ఉండదు కదా?

సమాధానం: మొదట్లో నోరు విప్పనివాడికి చివరిదాకా మౌనంగా ఉండే అనుమతి దొరికినట్టేనని డెర్బీ, లార్సెన్‌ల మతం. పైగా, పలకరింపు లేనిదే ‘చిక్కు’ అన్న మాట పుట్టదు. అది పుట్టకపోతే బుధవారం బయటపడదు.

శంక: మాటలు కాకుండా ఆట ఆడిస్తే? రెండు నిజాలు, ఒక అబద్ధం వంటిది?

సమాధానం: రాత్రి షిఫ్టు దిగినవాడితో ఆడిస్తే మూడూ నిజమే చెబుతాడు. అయినా ఆట నిషిద్ధం కాదు. ఆటలో తేలినది తర్వాతి ఘట్టానికి పనికిరావాలి. అటువంటి ఆట ఒకటి శాస్త్రంలోనే ఉంది. ఈ గదిలోకి నువ్వు అన్వేషకుడిగా వచ్చావా, సంతకు వచ్చినట్టు వచ్చావా, విహారానికి వచ్చావా, ఖైదీగా వచ్చావా అని పేరు లేకుండా చీటీలు రాయిస్తారు. ఖైదీలు ఎక్కువ తేలితే, ‘మనల్ని ఇక్కడ బంధించింది ఏమిటి?’ అన్నదే రెండో అంగంలో మొదటి ప్రశ్న. ఆ ఆట ఇక్కడ వంతెన అయింది. చీటీలు చదివి నవ్వుకొని పక్కన పడేస్తే కాలక్షేపం.

శంక: లీడరు ఒక జోకు వేసి దాటించవచ్చు కదా?

సమాధానం: జోకు గది గాలిని మారుస్తుంది, సంగతిని ముందుకు నడపదు. ఒకటి వేసుకోవచ్చు. రెండోది వేస్తే అదే అంగం అవుతుంది.

శంక: రెండో అంగంలోనే ఒకాయన లేచి పరిష్కారం చెప్పేస్తే?

సమాధానం: అట్టివారు ప్రతి జట్టులోనూ ఒకరు ఉంటారు. ఆ మాటను కొట్టేయరాదు, వెంటనే చేపట్టనూరాదు. బోర్డు మూలన రాసి, ‘నాలుగో అంగంలో నీతోనే మొదలుపెడతాం అన్నా’ అని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవాలి. నిలబెట్టుకోకపోతే తొలుత నన్న మాట తుదకు రానివారి జాబితాలో ఆయన కూడా చేరతాడు.

పాఠాంతర తాత్పర్యం 1: ధర్మవరం ప్రతి

‘స్లైడు మార్చె మిగుల సందియముగ.’ ఈ పాఠంలో లీడరు వేరే మనిషి. ఇతనికి జట్టంటే ప్రేమ, దాటడమంటే భయం. ఒకరి మాట ముగిశాక ‘ఇంకా ఎవరైనా?’ అంటాడు. ఎవరూ లేరంటే మరోసారి అంటాడు. పలకరింపే ముప్పావు గంట. ఈ పాఠంలో చాయి చల్లారడానికి కారణం తొందర కాదు, సాగదీత.

నాట్యశాస్త్రకర్త భరతుడు ఈ ప్రమాదాన్ని ముందే చూశాడు. నాటకానికి ముందు జరిపే పూర్వరంగానికి 19 అంగాలు చెప్పి, వెంటనే హెచ్చరించాడు: పాట, ఆట అతిగా సాగితే ఆడేవారూ చూసేవారూ అలసిపోతారు, ఆ తర్వాత రసం అందదు. ఎజైల్ జట్లకు నియమాలు చెప్పే స్క్రమ్ గైడు కూడా నెలరోజుల పని మీద సమీక్షకు గరిష్ఠంగా మూడు గంటలే ఇచ్చింది. పని రెండు వారాలదైతే ఇంకా తక్కువ. కాబట్టి మొదటి అంగానికి పది నిమిషాలు దాటితే సూత్రధారుడు లేచి నిలబడాలి. గంట కొట్టి ఆపమని కాదు. అప్పటికి పలికిన మాటల్లో ఒకటి పట్టుకొని, దాని వెంట నడవమని. చేతిలో మాట ఉన్నవాడికి సందియం ఉండదు.

పాఠాంతర తాత్పర్యం 2: హిందూపురం ప్రతి

‘తొలుత నన్న మాట తుదకు రాగ.’ పైకి ఇది తప్పుపాఠంలా తోస్తుంది. మొదటి మాట చివరికి చేరితే జనులు మూగలెందుకు అవుతారు? అయితే టీ బిల్లు వెనక రాసినవాడు పొరబడలేదు. అతని అర్థం ఇది: మొదట మనసు విప్పి చెప్పిన మాట చివరికి, అనగా మార్చి నెల అప్రైజలుకు, వచ్చింది. ‘నిద్ర’ అన్నవాడికి ‘ఉత్సాహం లేదు’ అని రాశారు. ‘చిక్కు’ అన్నవాడికి ‘జట్టుతో కలవడు’ అని రాశారు. ఆ తర్వాత రెట్రోలో జనులెల్ల మూగలే.

ఇంతదాకా వ్యాఖ్యాత మొదటి మాటను చివరిదాకా మోసుకుపోవాలని చెబుతూ వచ్చాడు. హిందూపురం పాఠం ఆ ఉపదేశానికి హద్దు గీస్తున్నది. మాటను గదిలోని తర్వాతి ఘట్టానికి తీసుకుపోవచ్చు. గది దాటించాలంటే అన్నవారి అనుమతి కావాలి. అప్పటికి తెలిసినదాన్ని బట్టి, ఉన్న వసతిని బట్టి ప్రతివారూ చేతనైనంత చేశారని ముందే ఒప్పుకొని కూర్చోవాలని కెర్త్ ఒక మూలసూత్రం పెట్టాడు. దాన్ని మొదటి స్లైడు మీద అచ్చువేస్తారు, చదువుతారు, మారుస్తారు. ఆ సూత్రానికి అసలు పరీక్ష మొదటి స్లైడులో లేదు. ‘అప్పగింత చెప్పింది నువ్వేనా?’ అని తమ్ముణ్ణి అడిగిన ఆ క్షణంలో లీడరు గొంతులో ఉంది. ఆ ప్రశ్నకు తమ్ముడు నిజం చెప్పాడంటే సూత్రం గదిలో ఉన్నట్టు.

మూడు పాఠాల సమన్వయం: పెనుకొండవాడు మాటను వదిలేశాడు, ధర్మవరంవాడు మాట దగ్గరే ఉండిపోయాడు, హిందూపురంవాడి మాటను ఎవరో పట్టుకుపోయారు. సాఫీగా దాటడమంటే ఈ మూడింటి నడుమ దారి. మాటను అన్నవాడి ఎదుటే అందుకొని, అతనితోనే తర్వాతి ఘట్టానికి నడిపించి, చివర అతనికే తిరిగి అప్పగించడం.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను సమీక్షకు ముందు చదివిన లీడరుకు స్లైడులు సగం తగ్గును. సమీక్ష తర్వాత చదివినవానికి వచ్చే సమీక్ష బాగుపడును. సమీక్ష జరుగుతుండగా బల్ల కింద ఫోనులో చదివినవానికి అప్పగింత పుస్తకం రాసే పని అంటును. చదవకుండానే ‘బాగుంది’ అన్నవానికి, ఏది బాగుందో చెప్పమని వెనువెంటనే రెండో ప్రశ్న వచ్చును.